పుర్టాసి నెల కోళ్ళు

ఆ ఏడాది కోడిపిల్లలు రెండు వారాలు ఆలస్యంగా వచ్చాయి. మా ఒక్క ఇల్లు రెండు ఇళ్ళయిందంటే ఆ రెండు వారాల వల్లేనని నేనంటాను. మా ఆయన క్రిష్ ఒప్పుకోడు. "కోళ్ళు కాదు డాలీ, ఎలక్షన్" అంటాడు. ఎలక్షన్ వచ్చిన మాట నిజమే. కానీ అది దేశంలో అందరికీ వచ్చింది. కోళ్ళు మాకొక్కళ్ళకే వచ్చాయి.

తొంభై మూడో సంవత్సరం. డర్బన్‌కి ఉత్తరాన, స్టాంగర్ దాటి కొంచెం పైకి వెళితే చెరకు తోటల నడుమ మా మిల్లు ఊరు. మరుసటి ఏప్రిల్లో తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ ఓటేస్తారని రేడియో చెబుతోంది. ఆ సంతోషాన్ని నిలవనివ్వకుండా, ఫలానా చోట బస్సు తగలబెట్టారనీ ఫలానా చోట మనిషిని నరికారనీ కూడా ఆ రేడియోనే చెబుతోంది. ఏటి అవతల నల్లవాళ్ళుండే లొకేషన్‌లో రెండు పార్టీల వాళ్ళూ ఒకరి వీధిలో ఒకరు అడుగు పెట్టడం మానేశారు. మా వీధిలో కొన్ని కుటుంబాలు సామాను లారీకెక్కించి డర్బన్ వెళ్ళిపోయాయి. మే నెలలో మిల్లు వాళ్ళు మనుషుల్ని తగ్గించినప్పుడు క్రిష్ పని కూడా పోయింది.

అప్పటినుంచీ డర్బన్ పక్కన అవోకాలో ఉన్న మా బావగారు సన్నీ ఫోన్ల మీద ఫోన్లు. "వెనకాల గది ఖాళీగా ఉంది. నా కార్ల పానెల్ బీటింగ్ షాపులో పని ఉంది. అమ్మనీ డాలీనీ తీసుకుని వచ్చెయ్. సెప్టెంబర్ ఆఖరు దాకా ఆపుతాను, తర్వాత వేరే వాళ్ళకి ఇచ్చేస్తా."

నాకు వెళ్ళడం ఇష్టం లేదు. ఆ వెనక గది నేను చూశాను. స్నానానికి వెళ్ళాలంటే తోడికోడలి వంటిల్లు దాటుకుని వెళ్ళాలి, వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ ముఖం చూడాలి. ఇక్కడ మాకు అత్తమ్మా మామయ్యా చెరకు కొట్టి కట్టుకున్న ఇల్లుంది, వెనకాల అరెకరం నేలుంది, ఖాళీగా పడున్న జింకు షెడ్డుంది. మాకు పిల్లల్లేరు, ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను. నాకంటూ ఉన్నది ఆ ఇల్లొకటే.

అందుకని క్రిష్‌తో ఒప్పందం పెట్టుకున్నాను. "కోళ్ళు పెంచుతాను. ఒక్క విడత. అవి నిలబడితే ఇక్కడే ఉందాం. నిలబడకపోతే కిక్కురుమనకుండా అవోకా వస్తాను."

"నువ్వు? జన్మలో పిల్లినైనా పెంచావా?" అన్నాడు క్రిష్.

"నిన్ను పెంచట్లేదూ?"

నవ్వలేదు. ఆ మధ్య నవ్వడం మానేశాడు. "ఓకే. వన్ బ్యాచ్" అన్నాడు.

నా లెక్క ఏమీ తెలివితక్కువది కాదు. సెప్టెంబరు నడిమికి మాకు పుర్టాసి పడుతుంది, వేంకటేశ్వరుడి నెల. అరవవాళ్ళం తెలుగువాళ్ళం అందరం నెల్లాళ్ళు నీచు ముట్టం. అలా ముట్టకూడదు కాబట్టి ఆ ముందు వారం చూడాలి మావాళ్ళ ఉత్సాహం! మళ్ళీ జన్మలో దొరకదేమోనన్నట్టు ఇంటింటా కోడి కూర. సరిగ్గా ఆ వారానికి నా బ్రాయిలర్లు చేతికొచ్చేలా జులైలో పిల్లల్ని పంపమని హేచరీకి చెప్పాను. వీధిలో ఆంటీలందరూ ముందే చెప్పి ఉంచారు, నాకు రెండు, నాకు నాలుగు అని.

జులైలో స్టే-అవే అని అందరూ పనులు మానేశారు, రోడ్లు మూసేశారు, పిల్లల వ్యాన్ రాలేదు. హేచరీ వాళ్ళు ఫోన్ చేసి, "ఆగస్టులో ఇవ్వగలం. కావాలా, వద్దా?" అన్నారు. క్రిష్ ఎదురుగా కూర్చుని నా ముఖమే చూస్తున్నాడు. వద్దంటే ఒప్పందం అక్కడితో అయిపోయినట్టే. "కావాలి" అన్నాను. రెండు వారాలేగా, బాగా మేపి తొందరపెట్టొచ్చులే అనుకున్నాను. కోడి కూడా అన్నం ఉడికినట్టే, మంట పెంచితే త్వరగా అవుతుందనుకున్న మనిషిని నేను.

చిల్లులున్న అట్టపెట్టెల్లో వచ్చాయి. వంద పసుపుపచ్చవి, అవి బ్రాయిలర్లు. పాతిక ఎర్రటి గోధుమరంగువి, అవి గుడ్ల కోసం లేయర్లు. అన్నిటినీ షెడ్డులో ఒకే ఎర్ర బల్బు కింద వదిలాను. కింద శుభ్రంగా ఉంటుందని పాత న్యూస్ పేపర్లు పరిచాను. తగలబడిన బస్సుల ఫోటోల మీద పిల్లలు కిచకిచమంటూ తిరుగుతుంటే మా అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏటే ఇది, పేపర్ చదూకుంటన్నాయా?" అంది.

రెండో రోజుకే కొన్నిటికి కాళ్ళు చెరోవైపు జారిపోయి లేవలేక పడ్డాయి. దాణా కొట్టు సిడ్నీకి ఫోన్ చేస్తే నెత్తి కొట్టుకున్నాడు. "పేపర్ జారుతుంది ఆంటీ! రంపపు పొట్టు వెయ్యి. ఇంకో మాట, పచ్చవాటినీ ఎర్రవాటినీ ఒకచోట ఉంచొద్దు." ఎందుకు ఉంచకూడదో వారం తిరక్కుండానే తెలిసింది. పచ్చవి ఎర్రవాటికి రెండింతలయ్యాయి, దాణా తొట్టి దగ్గర వాటిని తొక్కుకుంటూ పోయేవి. పాత బీరువా తలుపు ఒకటి అడ్డం పెట్టి వేరు చేశాను.

క్రిష్ ఆ తలుపు పట్టుకుని సాయం చేస్తూ ఎర్రవాటిని చూశాడు. "బ్రాయిలర్లంటే అర్థముంది. ఇవెందుకు? ఇవి గుడ్డు పెట్టేసరికి జనవరి. జనవరికి మనం ఎక్కడుంటాం?"

"ఇక్కడే."

"నువ్వే డిసైడ్ చేశావా?"

"పాతిక పిల్లల్ని కొన్నాను, అంతే" అన్నాను. తలుపు వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో క్రిష్ మా బక్కీ ట్రక్కుని గేటు వైపు ముఖం పెట్టి నిలిపేవాడు. ఊళ్ళోకి వెళ్ళమంటే తలనొప్పి అనేవాడు. పొద్దస్తమానం వంటింట్లో రేడియో పక్కన కూర్చునేవాడు. పని పోయిన మగవాడు కదా, అలిగాడనుకున్నాను. నాకూ ఒళ్ళు మండేది.

పిల్లల్ని తొందరపెట్టడానికి నేను చేయని పని లేదు. రాత్రంతా లైటు వేసి ఉంచాను, పడుకోకుండా తింటాయని. సిడ్నీ చెప్పినదానికంటే బలమైన దాణా పెట్టాను. నీళ్ళలో బెల్లం కలిపాను. అయినా పుర్టాసికి ముందు ఆదివారం వచ్చేసింది, నా కోళ్ళు మాత్రం రాలేదు.

మొదట వచ్చింది చిన్నస్వామి ఆంటీ. వీధిలో కోడిని ఎంచడంలో ఆవిడే పెద్ద. షెడ్డులోకి వచ్చి ఒకదాన్ని పట్టుకుని బొటనవేలితో రొమ్ము నొక్కింది. ఇంకోదాన్ని నొక్కింది. వెనకాల మిగతా ఆంటీలు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు.

"డాలీ, ఇది ఫౌలా, పిజనా?"

అందరూ నవ్వారు. "ఇంకో రెండు వారాల్లో బాగా వస్తాయి ఆంటీ" అన్నాను.

"రెండు వారాల్లో నేను గోవిందా అంటుంటాను కదమ్మా" అంది ఆవిడ జాలిగా. ఆ జాలే నాకు తగిలింది. వరసగా అందరూ వెళ్ళిపోయి, షాపులో ఫ్రోజన్ కోడి కొనుక్కున్నారు. ఆ సాయంత్రం వీధంతా మసాలా వాసన. ఉడికేవాటిలో ఒక్కటీ నా కోడి కాదు.

పుర్టాసి మొదలైంది. అత్తమ్మ నీచు గిన్నెలన్నీ బూడిదతో తోమించి షెడ్డు అటక మీద పెట్టించింది. ఫ్రీజరు సబ్బు పెట్టి కడిగించింది. నెలంతా ఇంట్లో గుడ్డు పొట్టు కనపడినా ఊరుకోదు. ఆవిడకి ఊహ తెలిసినప్పటినుంచీ ఒక్క ఏడు కూడా తప్పలేదట. మామయ్య చనిపోయిన ఏడాది నీరసించిన ఆవిణ్ణి డాక్టరు చికెన్ సూప్ తాగమంటే ఆయన ముఖాన్నే తలుపేసింది.

"కోసి ఫ్రీజర్లో దాచుకుందాం అత్తా. నెల తిరగ్గానే అమ్ముకోవచ్చు" అని అడిగాను.

"నా గుమ్మంలో పుర్టాసిలో రగతమా? నేను సచ్చాక సేసుకో."

"ప్రాణంతో అమ్మితే?"

"అమ్మినా పాపమే. అడక్కు నన్ను."

ఇక అప్పుడు, నాకు అక్కర్లేనప్పుడు, కోళ్ళు పెరగడం మొదలెట్టాయి. చూస్తుండగానే రొమ్ములు నిండి, బరువుకి నడవలేక తొట్టి పక్కనే కూర్చుని తినేవి. లేచి నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒక మధ్యాహ్నం నేను నీళ్ళు పోస్తుండగా అన్నిటికంటే పెద్దది ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి, వెల్లకిలా పడి, రెక్కలు తపతపా కొట్టుకుని చచ్చిపోయింది. జబ్బూ లేదు, దెబ్బా లేదు. "గుండె ఆగుతుంది ఆంటీ, ఎక్కువ మేపితే అంతే. సైజు వచ్చాక ఉంచకూడదు, తీసెయ్యాలి" అన్నాడు సిడ్నీ. ఆ తర్వాత రోజూ పొద్దున షెడ్డు తలుపు తీసేముందు చెవి పెట్టి వినేదాన్ని.

క్రిష్ పార పట్టుకొచ్చి చచ్చినవాటిని పాతిపెట్టేవాడు. ఎత్తిపొడవలేదు. మూడోసారి పాతిపెట్టాక చేతులు కడుక్కుంటూ, "సన్నీకి ఫోన్ చెయ్యనా?" అన్నాడు.

"నెలాఖరు ఇంకా రాలేదు" అన్నాను.

మరునాడు మాదూబే వచ్చింది. ఏటి అవతల ఉండే జూలూ మనిషి, స్టాంగర్‌లో టాక్సీలు ఆగే ర్యాంక్‌లో ఉడికించిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతుంది. పొత్తులు కొనడానికి మా ఊరి తోటలకొచ్చినప్పుడల్లా గేటు దగ్గర ఆగి అత్తమ్మతో జూలూలో కబుర్లాడుతుంది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే చెరకు తోటలో పనిచేశారు. షెడ్డు చూపిస్తే నోరు నొక్కుకుంది.

"వీటిని ఇక్కడ పెట్టుకుని ఏడుస్తున్నావా? శుక్రవారం షాకా రాజు దినం. ఆయన సమాధి దగ్గరికి జూలూ దేశమంతా స్టాంగర్ వస్తుంది. ప్రాణంతో ర్యాంక్‌కి తీసుకురా. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగలదు."

క్రిష్ విన్నాడు. ఆమె వెళ్ళేదాకా ఆగి నా మీద పడ్డాడు. "మతి పోయిందా నీకు? ఆ రోజు షాపులన్నీ మూసేస్తారు. బల్లేలు పట్టుకుని వస్తారు వాళ్ళు. అవతలి పార్టీ వాళ్ళు ఊరుకుంటారా? మధ్యలో ఇండియన్ ఆడది కోళ్ళు పట్టుకుని!"

"నువ్వు కూడా రా మరి."

క్రిష్ రేడియో చెవులు తిప్పాడు.

శుక్రవారం తెల్లారింది. పాత చీరలు చింపి కోళ్ళ కాళ్ళు కట్టి, పెట్టెల్లో సర్ది బక్కీకి ఎక్కించాను. అందులో సగానికి కాళ్ళు కట్టనక్కర్లేదు, ఎలాగూ నడవలేవు. క్రిష్ వంటింటి బల్ల దగ్గర కూర్చునే ఉన్నాడు. "నేను వెళ్తున్నాను" అన్నాను. "ఊఁ" అన్నాడు, తలెత్తకుండా. బల్ల మీది తాళాలు విసురుగా లాక్కున్నాను. ఏ మగవాడైనా పెళ్ళాన్ని అలా పంపిస్తాడా అనుకున్నాను.

బక్కీ తలుపు తీస్తే ముందు సీట్లో అత్తమ్మ కూర్చుని ఉంది, తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని.

"అత్తా?"

"నీకు జూలూ రాదు గదా. నేను కోడి ముట్టను, డబ్బు ముట్టను. పక్కన కూకుంటాను. పోనీ."

దారిలో పసుపు పోలీసు వ్యాన్లు ఆగి ఉన్నాయి. స్టాంగర్‌లో మావాళ్ళ షాపులన్నీ ఇనప తలుపులు దించేసి ఉన్నాయి. ర్యాంక్ మాత్రం జనంతో పొంగిపోతోంది. బస్సు మీద బస్సు, దిగేవాళ్ళ చేతుల్లో కర్రలు, డాళ్ళు, పొట్టి బల్లేలు, పాట, నేలదిరేలా అడుగులు. మా ఇద్దరిలా ఉన్న ముఖం అక్కడ ఇంకోటి లేదు. మాదూబే తన పొయ్యి పక్కన చోటిచ్చింది. సగానికి కోసిన ఇనప డ్రమ్ములో పొత్తులు ఉడుకుతున్నాయి.

నేను పెట్టెలు దించి వరసగా పెట్టాను. అత్తమ్మ ఖాళీ పెట్టె బోర్లించి దానిమీద కూర్చుని గొంతెత్తింది. "ఇన్‌కుఖూ! ఇన్‌కుఖూ ఎన్‌కులూ!" కోడి, పెద్ద కోడి. బక్కపలచని ముసలావిడ, అంత గొంతు ఎక్కడ దాచిందో! జనం నవ్వుకుంటూ వచ్చారు. "మలీని, గోగో?" ఎంత అవ్వా అని అడగడం, ఆవిడ చెప్పడం, నేను జంటలు జంటలుగా అందించడం. కాసేపట్లోనే నాలుగు పెట్టెలు ఖాళీ అయ్యాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడొచ్చాడు అతను. పెద్దమనిషి, నెరిసిన గడ్డం, తలకి జంతుచర్మం పట్టీ, చేతిలో డాలు. వెనకాల పదిమంది. ఉన్నవాటిలో బరువైన కోడిని ఎత్తి చూసి, కాళ్ళ కట్టు విప్పి నేల మీద నిలబెట్టాడు. కూలబడిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ కూలబడి, నోరు తెరుచుకుని రొప్పింది.

"ఇయాగులా" అన్నాడు. జబ్బుది అని. ఆ మాట నాక్కూడా తెలుసు.

ఇంకో పెట్టెలోంచి ఇంకోటి తీశాడు. అదీ అంతే. వెనకున్న కుర్రవాళ్ళు అప్పటిదాకా అమ్మిన పెట్టెల వైపు చూశారు. కొన్నవాళ్ళు కొందరు వెనక్కి వచ్చి తమ కోళ్ళని కూడా నిలబెట్టి చూశారు. చుట్టూ జనం చేరారు. ఎవడో ఏదో అన్నాడు, పాట ఆగింది. మాదూబే గబగబా ఏదో చెప్తోంది, ఎవరూ వినట్లేదు.

"ఏమంటున్నారు అత్తా?"

"రాజు దినాన ఇండియన్లు తెగులు కోళ్ళు తెచ్చి అమ్ముతన్నారంట. ఇసం పెట్టారంట."

"తెగులు కాదని చెప్పు! ఎక్కువ మేపాను, అంతే. నా తప్పు, దాణా ఎక్కువైందని చెప్పు!"

చెప్పింది. అతను విన్నాడు. కోపంగా కూడా లేడు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అత్తమ్మ వైపు తిరిగి ఒక్కటే మాట అడిగాడు. ఆవిడ బదులు మాదూబే ఏదో చెప్పింది, దానికి అతను ఇంకేదో అన్నాడు.

"ఏంటి?" అన్నాను.

మాదూబే చెప్పింది ఇంగ్లీషులో. "మంచి కోళ్ళయితే మీరు తింటారా అని అడుగుతున్నాడు. ఇది మీ ఉపవాసం నెల అని చెప్పాను. అయితే భలే నెలలో అమ్ముతున్నారే అంటున్నాడు."

తర్వాత జరిగినదంతా నెమ్మదిగా జరిగింది. ఆ కూలబడిన కోడినే మాదూబేకి ఇచ్చాడు. ఆమె మెడ కోసింది. పొత్తులు తీసి పక్కన పెట్టి, ఆ వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకి, ముక్కలు చేసి డ్రమ్ములో వేసింది. అందరూ నిలబడ్డారు. ఎవరూ కొనట్లేదు, ఎవరూ కదలట్లేదు. బక్కీకి దారి లేదు. రోడ్డు చివర పోలీసు వ్యాన్ ఉంది కానీ అది అక్కడ, మేము ఇక్కడ. నీళ్ళు తెర్లుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. నేనే తింటాను, ఇంకేముంది. పెంచింది నేను, పాడుచేసింది నేను. పుర్టాసిలో కోడి తిన్నదాన్ని అత్తమ్మ ఇక వంటింట్లోకి రానివ్వదు, సరే, అప్పుడు చూసుకుందాం అనుకున్నాను.

మాదూబే ఒక ముక్క ఎనామిల్ పళ్ళెంలో పెట్టి నా వైపు చాచింది. చెయ్యి చాపాను. నా చేతి మీద ఒక్క దెబ్బ వేసి అత్తమ్మ ఆ పళ్ళెం లాక్కుంది.

"నువ్వు కాదు" అంది.

"అత్తా, వద్దు..."

"నోర్ముయ్."

ముక్క తీసుకుంది. తూర్పుకి తిరిగింది, పెదాలు కదిలాయి. నోట్లో పెట్టుకుంది. ఆవిడకి పళ్ళు తక్కువ, నమలడానికి చాలాసేపు పట్టింది. అంతమందీ ఆవిడ దవడలే చూస్తున్నారు. మింగింది. అతను కదల్లేదు. ఇంకో ముక్క తీసుకుంది. అదీ మింగి, అతని కళ్ళలోకి చూస్తూ జూలూలో ఏదో అడిగింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. మాదూబే పొట్ట పట్టుకుంది. ఉప్పేది అని అడిగిందట.

పెద్దమనిషి నవ్వలేదు. డాలు కింద పెట్టి, తనూ ఒక ముక్క తీసుకుని తిన్నాడు. తర్వాత బరువైనవి రెండు ఎంచుకుని, డబ్బు నాకిచ్చి, కోళ్ళని మాత్రం అత్తమ్మ ఎదుట వంగి, రెండు చేతులూ చాచి ఆవిడ దగ్గరే తీసుకున్నాడు. కోడి ముట్టనన్న ఆవిడ ఆ రెండింటినీ ఎత్తి అతని చేతుల్లో పెట్టింది. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్లేదు.

ఊరు దాటి చెరకు తోటల్లోకి వచ్చాక "ఆపు" అంది. దిగి, గట్టు పక్కన వంగి, గొంతులో వేలు పెట్టుకుని మొత్తం కక్కేసింది. నేను వీపు నిమరబోతే చెయ్యి విదిలించింది. ఇంటి దాకా కిటికీలోంచి చెరకు చూస్తూ కూర్చుంది. నేను దారంతా ఏడుస్తూనే నడిపాను.

క్రిష్ గేటు బయట రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో, చొక్కా చెమటకి తడిసిపోయింది. ఖాళీ పెట్టెలు చూశాడు.

"అన్నీ అమ్మేశావా?"

"అమ్మేశాం."

అత్తమ్మ ఇంట్లోకి రాలేదు. వెనకాల కుళాయి దగ్గర తలారా స్నానం చేసి, పొడి చీర కట్టుకుని, వెనక మెట్ల మీదే కూర్చుంది. నేను వంటింట్లో క్రిష్‌కి జరిగింది చెప్పాను. అతను బల్ల అంచు పట్టుకుని విన్నాడు.

"ఒప్పందం ప్రకారం నువ్వు గెలిచావు" అన్నాడు చివరికి. "కానీ నేనుండలేను డాలీ."

"మళ్ళీ ఏమొచ్చింది?"

"మేలో మిల్లు గేటు దగ్గర నాతో పనిచేసే ఐవన్‌ని చంపినప్పుడు నేనక్కడే ఉన్నాను. నీకు చెప్పలేదు. బక్కీలో ఉన్నాను, వాడు పరిగెత్తుకుంటూ నా వైపే వచ్చాడు. నేను అద్దం ఎక్కించుకున్నాను." ఆగాడు. "అప్పటినుంచీ గేటు చప్పుడైతే చాలు, ఒళ్ళంతా చల్లబడిపోతుంది. పొద్దున మీరు వెళ్తుంటే లేద్దామనే అనుకున్నాను. లేవలేకపోయాను. నాకు భయమేస్తోంది. అంతే. ఇంకేం లేదు."

ఇన్నాళ్ళూ అలక అనుకున్నది ఇదా అని నాకు గుండె చెరువైంది. పోనీ అవోకా వెళ్ళిపోదాం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేసేదాన్నే.

"ఎల్లరా" అంది అత్తమ్మ బయట మెట్ల మీద నుంచి. అంతా విన్నదన్నమాట. "భయం ఏసినోణ్ణి ఉండమనకూడదు. అన్న కాడికి ఎల్లు. నీ తప్పేం లేదు."

"నువ్వు కూడా వస్తావు కదమ్మా. డాలీ కూడా."

"డాలీ ఇష్టం డాలీది. నేను రాను."

"ఇక్కడ ఒక్కదానివీ ఎలా ఉంటావు? ఎలక్షన్ దాకా ఏమవుతుందో ఎవరికి తెలుసు?"

అత్తమ్మ వెనక్కి తిరిగి గుమ్మంలోంచి కొడుకుని చూసింది. "ఈ ఇంటి కోసరం పుర్టాసిలో కోడి తిన్నాన్రా. ఇంకే ఇంట్లో కూకోమంటావు నన్ను?"

క్రిష్ నా వైపు చూశాడు. నేను మెట్ల మీది అత్తమ్మని చూశాను. "నేనూ ఉంటాను" అన్నాను తర్వాత. ఆ ఇంటిమీద అంత ఆశపడ్డదాన్ని, ఉంటానని చెప్పగలిగినందుకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. మొగుణ్ణి ఒంటరిగా పంపించేది నేనేనా అని దుఃఖం మాత్రం వచ్చింది.

మరునాడు శనివారం. క్రిష్ రమ్మని ఫోన్ చేస్తే సన్నీ బావగారు పొద్దున్నే కారేసుకుని వచ్చారు, ముగ్గురికీ చోటుంచుకుని. ఒక్క సూట్‌కేసే బయటికి రావడం చూసి తమ్ముణ్ణీ నన్నూ మార్చి మార్చి చూసి డిక్కీ తెరిచారు.

పుర్టాసి శనివారం మా ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళినా అత్తమ్మ దేవుడి దగ్గర తీసిన నామం నుదుట పెట్టే పంపుతుంది. క్రిష్ అలవాటుగా వెనక మెట్ల దగ్గరికి వెళ్ళి, ఆవిడ ఎదుట వంగి నిలబడ్డాడు. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో పెట్టేసుకుంది.

"నా సేత్తో కాదు. నా ఒక్కపొద్దు పోయింది. అది పెడతాది" అని నా వైపు గడ్డం ఊపింది. "ఇంట్లో ఒక్కళ్ళన్నా మిగలాల గదే పెట్టడానికి. లేపోతే నిన్న నీ కాణ్ణుంచి ఎందుకు లాక్కున్నాననుకున్నావు?"

పూజ గదిలోకి వెళ్ళి తెల్లమట్టి తడిపి తెచ్చాను. క్రిష్ నా వైపు తిరిగి, నేను అందుకునేలా తల వంచాడు. పెళ్ళయినప్పటినుంచీ నేనే అతని ముందు వంగాను, అతను నా ముందు వంగడం అదే మొదలు. దగ్గరగా అతని ఊపిరి తగిలింది. గీత వంకరగా వచ్చింది.

"గోవిందా అను" అంది అత్తమ్మ మెట్ల మీద నుంచి.

అన్నాను. క్రిష్ వెంటనే తల ఎత్తలేదు, ఇంకాసేపు అలాగే వంగి ఉన్నాడు.